యాఫ్తా ముక్కు

...లేదా అసలు వాసనే లేదేమో. లేకపోవడానికీ తనకి తెలియకపోవడానికీ మధ్య తేడాని మనిషి లోపలి నుంచి ఎలా కనిపెడతాడు? నలభై ఒకటో వరుస చివర మోకాళ్ళ మీద కూర్చుని యాఫ్తా సాల్ మూడోసారి గాలి పీల్చాడు. ముక్కులోకి చల్లదనం వెళ్ళింది. అంతే.

ఎండతో కరెంటు తీసే ఆ కేంద్రంలో ఈ వరుస అద్దాలకి ఇవాళ పని లేదు. వాటి గొట్టంలో నూనె నిన్ననే ఖాళీ చేశారు, కానీ లోపలెక్కడో కొంత మిగిలి ఉండొచ్చు. చుట్టూ మిగతా అద్దాలన్నీ దోసిలిలా వంగి, తూర్పుకి తిరిగి, పొద్దుటి ఎండని సన్నని గొట్టాల మీదికి పోగుచేస్తున్నాయి. ఆ గొట్టాల్లో నూనె నాలుగు వందల డిగ్రీల దాకా కాగుతుంది. ఎక్కడైనా కారితే పెరట్లో పెంచే మాల్వా మొక్క ఆకు నలిపినట్టు తియ్యటి వాసన వేస్తుంది. ఆ ఆవిరికి నిప్పు తగిలితే దగ్గరున్న మనిషి మిగలడు.

అందుకే ఇక్కడ మంట వెలిగించే ముందు ఇద్దరు సాక్షులు కావాలి. ఒకటి ఆవిరిని కొలిచే మీటరు, రెండోది యాఫ్తా ముక్కు. ఆరేళ్ళ కిందట మీటరు సున్నా చూపించిన రోజున, గొర్రెల కాపరి పని మాని కొత్తగా చేరిన యాఫ్తా "ఆగండి" అన్నాడు. బోల్టు వదులు చెయ్యగానే నూనె చిమ్మింది. ఆ రోజు నుంచీ పొఫాడర్ ఊరు ఊరంతా అతన్ని ముక్కుతోనే గుర్తుపట్టింది.

మూడేళ్ళ కిందటి జ్వరం ఆ ముక్కుకి వాసన తెలియకుండా చేసిపోయింది. తిరిగొస్తుందనుకుని ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెప్పాల్సిన రోజు దాటిపోయింది. కిందటి నెల పొయ్యి మీద మాంసం బొగ్గయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు. పొరుగావిడ పరుగెత్తుకొచ్చి దించింది. పనిలో మాత్రం ఇన్నాళ్ళూ సాయానికి లీటా ఉండేది. పక్కన నడిచే ఆ అమ్మాయి ముక్కు చిట్లిస్తే తను ఆగేవాడు. "నీకు ఎంత ముందే తెలిసిపోతుంది బాబాయ్!" అని ఆశ్చర్యపోయేది. అది మోసమని అతనికి తోచేది కాదు. ఆమె ముఖం తన ఒంట్లో ఒక భాగమైపోయినట్టుండేది. సోమవారం లీటా పెళ్ళి చేసుకుని కేప్‌టౌన్ వెళ్ళిపోయింది.

"ఏం బాబాయ్, ప్రార్థన అయిందా? దేవుడేమన్నాడు?" పాత జాయింటు కోయడానికి వచ్చిన రూబెన్ క్లాస్టే గ్యాస్ కట్టర్ భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"ఆగరా."

"మీటరు సున్నా అంటోంది. నువ్వూ ఆ మాటే అన్నావంటే కోసి పారేస్తా. మధ్యాహ్నానికి కొత్తది బిగించకపోతే బాసు నన్ను వేపుకు తింటాడు."

"నీకేమైనా వాసన తగులుతోందా?" అడగకూడని మాట యాఫ్తా నోటి నుంచి జారిపోయింది.

రూబెన్ పగలబడి నవ్వాడు. "నాకా? జలుబు పట్టి వారమైంది. నా సాక్సుల కంపు నాకే తెలియట్లేదు. అయినా నీ ముక్కుండగా నాదెందుకు? మా పిల్లలకి అదే చెబుతా. ఆ తాత ఉన్నన్నాళ్ళూ మీ నాన్న సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాడర్రా అని."

యాఫ్తా గొట్టం వైపు తిరిగాడు. "వాసన ఉంది" అని అబద్ధం చెప్పొచ్చు. ఇవాళ్టికి గండం గడుస్తుంది. రేపు ఇంకో వరుస. నిజం చెబితే రేపటి నుంచి పని ఉండదు. గొర్రెలు ఎప్పుడో అమ్మేశాడు. కానీ భయం దానికి కాదు. ఆ ముక్కు తీసేస్తే కింద ఎవరూ ఉండరని భయం. జ్వరంలో చచ్చిపోయిన వాడెవడో ఇంకా చొక్కా తొడుక్కుని పనికొస్తున్నాడు. వాణ్ణి ఎవరూ పాతిపెట్టలేదు, అంతే.

"ఏమీ అనలేదంటే సరేనన్నట్టేగా," అంటూ రూబెన్ గ్యాస్ తిప్పాడు. బుస్సుమంది. జేబులోంచి లైటరు తీశాడు.

"నా ముక్కు చచ్చిపోయిందిరా రూబెన్. మూడేళ్ళయింది."

"పొద్దున్నే నీ వేళాకోళం! జరుగు బాబాయ్, మీసాలు కాలతాయి."

నిజం చెప్పినా నమ్మలేదు. ఆ పేరు అంత మందంగా పేరుకుపోయి ఉంది, దాని అవతలికి తన గొంతు కూడా పోవడం లేదు. యాఫ్తా లేచాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. రూబెన్ పిడికిలి పట్టుకుని, ఒక్కొక్క వేలే విడదీసి, లైటరు లాక్కున్నాడు.