రెండో ఎముక ముక్క

అహ్తెషామ్ నవ్వు మీద అంజవ్వకు మొదటిరోజు నుంచే నమ్మకం లేదు. మనవరాలు ఉమారాణితో పాటు ల్యాబులో పనిచేసే ఆ హైదరాబాదు పిల్లాడు ఈ అరబ్బు దేశంలో, గుదైబియాలోని వీళ్ల ఫ్లాటుకు వచ్చినప్పుడల్లా సమోసాలు తెస్తాడు. "బాపమ్మా, తబియత్ ఎట్లుంది?" అంటాడు. చెప్పులు విడిచేలోపే, "ఉమా, నీ కాంట్రాక్టు ఎప్పటిదాకా?" అని అడుగుతాడు. సమోసా తింటూనే అంజవ్వ ఆ చివరి మాటను మనసులో ముడేసి పెట్టుకుంది.

కాంట్రాక్టు ఈ నెలాఖరు దాకే. పొడిగించాలంటే ఉమారాణి కంప్యూటరు చెప్పింది నిజమని తేలాలి. ఒకే గొర్రె తొడ ఎముకలోంచి కోసిన రెండు ముక్కలను ఆమె స్కాను తీసింది. ఆ బొమ్మల్ని బట్టి, బరువు పెడితే ముక్క ఏ చోట ఎంత నొక్కుకుంటుందో కంప్యూటరులో లెక్కగట్టింది. ఇక అసలు ముక్కను స్కానింగు మిషనులోనే చిన్న ప్రెస్సు కింద నొక్కి, మళ్లీ బొమ్మలు తీసి పోల్చాలి. రెండూ కలవకపోతే ఉమారాణి ఇంకో దేశం, అంజవ్వ సొంతూరు మెట్‌పల్లి. భర్తను బొంబాయి బస్సెక్కించింది, కొడుకును దుబాయి విమానమెక్కించింది. ఇద్దరివీ వెళ్లిపోతున్న వీపులే గుర్తున్నాయి. ఈ పిల్ల వీపు కూడా చూడటం తన వల్ల కాదు.

ఆదివారం ఉమారాణి డ్యూటీ నుంచి వచ్చి బ్యాగు సోఫా మీద పడేసింది.

"కలవలే బాపమ్మా. లెక్కగట్టిన దానికి రెండింతలు నొక్కుకుంది."

"గా సమోసల పోరడేమన్నడు?"

"తొందరపడకు, కొంచెం ఆగుదాం అన్నడు."

"అంటడు! ఆగితె నీ నెల అయిపోతది గద. ముక్కను మిషన్ల వెట్టిందెవలు?"

"అతనే."

"సూశినవా? మొన్న బేస్తారం ల్యాబుల ఫ్రీజరు చెడిపోతె రెండో ముక్కను హమద్ టౌనుకు వాళ్లింటికెందుకు వట్కపోయిండు?"

"ఒకటి పాడైతె ఇంకోటి ఉంటదని. ఇయ్యాల నొక్కిన ముక్క మనింట్ల ఫ్రీజర్లనే పెట్టిన గద."

"వాని కడుపుల ఏదో ఉంది బిడ్డా."

ఉమారాణి కొట్టిపారేయలేదు. ఎవరో ముక్కను పాడుచేసినట్టే ఉంది. ల్యాప్‌టాప్ తెరిచి ప్రొఫెసరుకు అహ్తెషామ్ మీద ఫిర్యాదు రాసింది. జతగా పంపే రెండు బొమ్మలను బాపమ్మకు చూపించింది.

"ఇది బేస్తారం నాటిది. అంచులు తెల్లగ, గట్టిగ ఉన్నయి. ఇది ఇయ్యాల్టిది. చుట్టూ మసక. సున్నం పోయింది. యాసిడ్ల ముంచినట్టే."

"యాసిడంటె?"

"పుల్లటిదేదైనా. నిమ్మరసమైనా సాలు."

అంజవ్వకు తను చేసిన పని గుర్తొచ్చింది. ఆ బేస్తారం తెల్లారి, శుక్రవారం పొద్దున ఫ్రీజరు తెరిస్తే నీసు వాసన ముక్కుకు కొట్టింది. తెల్లారితే శనివారం, దేవుడి రోజు. తినేది కాకపోయినా ఇంట్లో ఉన్న ఎముకే కదా! శోర్వా వండే మేకకాళ్లకు చేసినట్టే, ఉప్పు నిమ్మరసంలో నానేసి, కడిగి, అది చుట్టి ఉన్న తడిగుడ్డలోనే మళ్లీ చుట్టి ఎక్కడిదక్కడ పెట్టింది. ఇల్లు శుభ్రంగా ఉందని సంబరపడింది కూడా.

నోరు మూసుకుంటే తప్పు ఆ పోరడిది, పిల్ల ఇక్కడే ఉంటుంది. చెబితే పిల్ల వీపే. ఉమారాణి వేలు పంపే బటను మీదికి పోయింది.

"ఆగు బిడ్డా. వాడు గాదు. నేనే."

చెప్పేసింది. ఉమారాణి బటను మీంచి వేలు తీసేసింది.

"ఎన్ని నిమ్మకాయలు?"

"మూడు."

"ఎంతసేపు?"

"పొద్దుగాల వెట్టిన. దీపం వెట్టే యాళ్లకు తీశిన."

ఉమారాణి ఫిర్యాదును చెరిపేసి, ఫోను తీసి స్పీకరు పెట్టింది. "అహ్తెషామ్, నీ దగ్గరున్న ముక్క ఎట్లుంది?"

"ఫ్రీజర్ల పైలంగుంది. మా బేగం నజ్నీన్ సూస్తె పాయా శోర్వా వండేస్తదని మీద టేపు చుట్టిన. ఇదొకటి ఉందనే ఆగుదామన్న. రేపు దీన్ని నొక్కుదాం."

అంజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మనవరాలితో మెల్లగా అంది: "మిషన్ల మాత్రం నువ్వే వెట్టు."

సోమవారం మధ్యాహ్నం ఫోను మోగింది. "కలిసింది బాపమ్మా!" సాయంత్రం సమోసాలతో అహ్తెషామ్ వచ్చాడు. చెప్పులు విడుస్తూనే, "ఉమా, ఇగ కాంట్రాక్టు ఎప్పటిదాకా?" అన్నాడు.

"నీకెందుకు పోరడా?" అంది అంజవ్వ, అతని ముందు అన్నం కంచం పెడుతూ. "తిను ముందు."