గంటసేపు మాట్లాడకూడదు

దూదక్కకు మనుషుల్ని ఏడిపించడం సరదా అట. అందుకే ఒంట్లో ఓపిక అయిపోయినా ఆసుపత్రిలో ఆ పళ్ళ విభాగాన్ని పట్టుకుని వేలాడుతోందట. పక్కింటావిడ మేడ మీద బట్టలారేస్తూ కింది వాటావాళ్ళకు చెప్పిన మాట ఇది. అది నలుగురి నోళ్ళలో తిరుగుతున్న వేళకు, పళ్ళు పీకిన నోళ్ళలో దూది పెట్టీ పెట్టీ ఆ పేరు తెచ్చుకున్న దూదక్క పెద్దాసుపత్రిలో పటకార్లను వేడినీళ్ళలోంచి తీసి, తడి తుడిచి, పళ్ళెంలో పేరుస్తోంది. మందు వాసన పట్టిన వేళ్ళు, ఎముక తేలిన మణికట్టు. పక్కింటావిడ మరీ అబద్ధమాడలేదు. కాకపోతే దూదక్క ఏడిపించాలనుకున్నది ఒక్కణ్ణే.

ఒకప్పుడు తెల్లారేసరికి బుగ్గలు వాచిన జనం తువాళ్ళు చుట్టుకుని గుమ్మంలో కూలబడి ఉండేవారు. ఇప్పుడు సగం కుర్రకారే. వంకరపళ్ళకు తీగలు బిగించమంటారు. ముసలివాళ్ళు కూడా పీకమనరు, ఉన్నదాన్ని నిలబెట్టమంటారు. పీకుడు జనం ఏటికేడు పలచబడుతోందని డాక్టరమ్మ సంతోషిస్తే దూదక్కకు దిగులు పట్టుకుంది. బావగారు ఇక రాడేమో.

భర్త పోయిన రోజున ఆ బావగారే గుమ్మానికి అడ్డం నిలబడి, తన తమ్ముణ్ణి మింగింది ఈ నోరేనని అందరి ముందూ అని, తలుపేసుకున్నాడు. ఆయన నోటితోనే ఆ మాట తప్పని అనిపించాలి. ఎప్పటికైనా పన్ను పుచ్చకపోదు, ఈ కుర్చీ ఎక్కకపోడు అని కాచుకుని ఉంది.

ఇవాళ వచ్చాడు. దవడ కింద అరచెయ్యి ఆనించుకుని, కూతురి భుజం పట్టుకుని. మనిషి సగమయ్యాడు. కాలరులో మెడ వదులుగా ఆడుతోంది. కూతురు "పిన్నీ" అని ఆగిపోయింది. ఆయన చూపు దించుకున్నాడు.

"నోరు తెరవండి," అంది దూదక్క, అందరితో అన్నట్టే.

రెండు దవడపళ్ళు ఊడొచ్చాయి. డాక్టరమ్మ పక్క కుర్చీకి వెళ్ళింది. కూతురు మందుల కోసం చాంతాడంత వరసలో నిలబడింది. ఆయన దూదక్క చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఆ రోజు నేను..."

పెదవి చివర నెత్తురు జారింది. ఇన్నేళ్ళు కాచుకున్న మాట అంత దగ్గరకు వచ్చేసరికి దూదక్క ఒళ్ళు మండింది. అనేసి తేలికపడిపోదామనా? ఇన్నాళ్ళు మోసినదాని సంగతేమిటి? ఎప్పటికంటే పెద్ద దూది ఉండ చుట్టి నోట్లో కుక్కింది.

"గట్టిగా కొరికిపట్టండి. గంటసేపు మాట్లాడకూడదు."

వరండా బల్ల మీద కూర్చోబెడితే బుద్ధిగా తలూపాడు. మిగతా పనంతా ఆమెకు హాయిగా సాగింది. గంట కాగానే, పోనీ ఇక చెప్పనిద్దామా అనుకుంటూ వెళ్ళింది. ఆయన గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. దూది పళ్ళ మధ్య అలాగే ఉంది. మణికట్టు పట్టుకుని చూసి, డాక్టరమ్మను పిలిచింది.

గుండె అన్నారు. పాత జబ్బేనన్నారు. ఆయన్ని తీసుకెళ్ళాక బల్ల మీద కళ్ళజోడు మిగిలింది. కూతురు దాన్ని ముట్టుకోలేదు.

"ఇంటి పక్కనే డాక్టరున్నా వినలేదు పిన్నీ. నీతో ఒక మాట చెప్పాలి, అక్కడికే తీసుకెళ్ళమన్నాడు. చెప్పాడా?"

కబురు విని వచ్చిన చుట్టాలు కూడా ఇటు తిరిగారు. దూదక్క కళ్ళజోడు తీసి, చెరగుతో అద్దాలు తుడిచి, మళ్ళీ బల్ల మీదే పెట్టింది.

"చెప్పబోయాడు. నేనే నోరు నొక్కాను."