తల తిప్పకూడదు

పడవ మైవెన్‌ది. సొంతూరు దువార్నెనే రేవులో నాన్న కట్టించిన ఇల్లు అమ్మి మరీ కొనుక్కుంది. ఏం లాభం? లాస్ పాల్మాస్‌లో లంగరు ఎత్తిన రోజు నుంచీ పెత్తనమంతా మొగుడు జిల్దాస్‌దే. మంచినీళ్ళు ఆయనే కొలిచి పోస్తాడు. రొట్టె మీద ఆవిడ రాసుకునే ఉప్పువెన్న మందం కూడా ఆయనే చూస్తాడు. అట్లాంటిక్ దాటి మార్తినీక్ దీవి చేరేలోగా ఆమెను నావికురాల్ని చేసి చూపిస్తానని రేవులో అందరి ముందూ గొప్పలు పోయాడు. ఆ నేర్పే పద్ధతి మాత్రం పగవాడికి కూడా వద్దు.

సముద్రంలో మనిషి పడితే ఒకరు చెయ్యి చాచి అతన్నే చూపిస్తూ నిలబడాలి. అదొక్కటే వాళ్ళ పని. రెండు అలలు అడ్డం వస్తే మనిషి తల ఉల్లిపాయంత కూడా కనబడదు. చూపు తప్పిందా, మనిషి పోయినట్టే. చుక్కాని దగ్గరున్నవాడు ఆ వేలిని నమ్ముకునే పడవ తిప్పుతాడు.

ఇది నేర్పడానికి జిల్దాస్ ఎప్పుడు పడితే అప్పుడు నారింజరంగు బకెట్ ఒకటి నీళ్ళలోకి విసిరేవాడు. అక్కడితో ఆగితే మంచి గురువే అందుం. ఆమె వేలు చాచి నిలబడితే వెనకనుంచి, కాలు జారింది, పడిపోతున్నాను మైవెన్ అని గొంతు చించుకునేవాడు. ఏ పెళ్ళాం తల తిప్పదు చెప్పండి? తిప్పింది. చూస్తే ఆయన మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. బకెట్ పోయింది. శిక్షగా మూడు రోజులు ఒళ్ళు కడుక్కోవడానికి మంచినీళ్ళు బంద్. ఉప్పు పేరుకుని మోచేతులు పుళ్ళు పడ్డాయి.

రెండోసారి ఇంకో బకెట్ విసిరి అదే కేక వేశాడు, ఆవిడ మళ్ళీ తిరిగింది. ఈసారి జిల్దాస్ అరవలేదు. ఉపగ్రహ ఫోన్ తీసి, ఆమె ఎదుటే స్నేహితుడు లోయిక్‌తో మాట్లాడాడు. దారిలో తగిలే మిందేలో రేవుకి వచ్చి, ఆమె బదులు ఎక్కడానికి సిద్ధంగా ఉండమన్నాడు. ఫోన్ పెట్టేసి ఆమె వైపు తిరిగాడు.

"మహారాణిగారూ, ఇంకొక్కసారి తల తిప్పారో, మిందేలోలో దిగి విమానం ఎక్కుతారు. నేను చచ్చి గీపెట్టినా సరే, తిరక్కూడదు. అర్థమైందా?"

తన పడవలోంచి తననే దింపేస్తాడట! కంచే చేను మేయడమంటే ఇదే కాదూ. దిగను గాక దిగను, నాన్న ఇంటిని నీళ్ళపాలు చేసుకున్నది ఇందుకా అనుకుంది మైవెన్.

మిందేలో ఇంకా రెండు రోజుల దూరం ఉందనగా, పొద్దున్నే, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా బకెట్ మళ్ళీ నీళ్ళలో పడింది. మైవెన్ గరిటె వదిలేసి పైకొచ్చి చెయ్యి చాచింది. జిల్దాస్ ఇంజన్ వేసి పడవ తిప్పాడు. బకెట్ ముందుకీ కుడివైపుకీ వచ్చింది. దారిని ఆటోపైలట్‌కి అప్పగించి, తెరచాప దాని కర్రకి చుట్టుకుపోతే విడదీయడానికి ఎడమవైపు నుంచి ముందుకి వెళ్ళాడు. నడుముకి తాడు కట్టుకోలేదు. అది సెలవులకొచ్చిన షోకిలారాయుళ్ళు కట్టుకునేదని ఆయన వెక్కిరింత.

తెరచాప టపటపా కొట్టుకుంటూ ఆయన్ని మరుగుపరిచింది. అప్పుడు వినబడింది కేక.

"మైవెన్!"

ఆవిడ పెదవి వంకర తిరిగింది. ఈసారి నీ ఆటలు సాగవు నాయనా అనుకుంది. కేక మళ్ళీ వచ్చింది, ఎడమ పక్క నుంచి. ఆ తర్వాత వెనక నుంచి, సన్నగా. పాత్రధారణ బాగానే ముదిరిందే అనుకుంది. మెడ నరాలు లాగేస్తున్నా, కళ్ళలో ఉప్పు మండుతున్నా నారింజరంగు చుక్కని వదల్లేదు. ఇంకోసారి పిలిచినట్టనిపించింది. గాలేమో అనుకుంది.

బకెట్ పక్కకొచ్చింది. కొక్కెం కర్రతో లాగి ఒడిసిపట్టుకుంది. గెలిచింది! ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

"తిరగలేదు, చూశావా? ఇప్పుడు చెయ్యి లోయిక్‌కి ఫోన్!"

తెరచాప వెనక్కి వెళ్ళి చూసింది. తెరచాప కర్ర ఒకటే అటూ ఇటూ ఊగుతోంది.

కిందకి పరుగెత్తి రెండు గదులూ వెతికింది. పప్పు మాడుతోంది. పైకొచ్చి వెనక్కి చూసింది. మనిషెత్తు అలలు, ప్రతి అల మీదా తెల్లటి నురుగే. పడవ వెనక్కి తిప్పింది, అరిచింది, మొక్కింది, తిట్టింది. మధ్యాహ్నం దాకా ఆ నీళ్ళమీదే చక్కర్లు కొట్టింది. చేయి దేనివైపు చాచాలో తెలియలేదు.

ఫోన్‌లో తీర రక్షణవాళ్ళ మనిషి ఓపికగా ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాడు. పడవ పేరు, గాలి వేగం, ఒంటిమీద చొక్కా రంగు.

"ఆయన్ని చివరిసారి ఏ వైపు చూశారమ్మా?"

"చూళ్ళేదు. పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు."

"మరి మీరు తిరిగి చూడలేదా?"

"తిరక్కూడదన్నాడు," అంది మైవెన్.