రమణమూర్తి గారి గొంతు

బాబూ మియా నూట నలభై సినిమాల్లో వేషాలు వేశాడు. పదకొండుసార్లు పూజారి, తొమ్మిదిసార్లు జడ్జి. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి, కళ్ళజోడు తీసి తల అడ్డంగా ఊపే డాక్టరుగా ఎన్నిసార్లు చేశాడో ఆయనకే గుర్తులేదు. గోదావరి మాట కావాలంటే గోదావరి మాట, గుంటూరు కావాలంటే గుంటూరు. వేషానికి తగ్గ గొంతు తనే తెచ్చుకుంటాడని, డబ్బింగుకు ఇంకో మనిషిని వెతికే పని పెట్టడని సినిమావాళ్ళుండే కృష్ణానగర్‌లో పేరు. ఆయన సొంత మాట మాత్రం ఎవరికీ పెద్దగా అవసరం పడలేదు. జనగామలో దర్జీ ఇంట్లో పుట్టి నేర్చుకున్న మాట అది. రౌడీ పక్కన నిలబడేవాడికో, కల్లు దుకాణంలో తన్నులు తినేవాడికో తప్ప ఆ మాట ఎవరూ అడగలేదు. "బాబూ, ఇవాళ నువ్వు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడు" అని డైరెక్టరు అన్నాడంటే ఆ రోజు తన్నులు తప్పవని ఆయనకు అర్థమైపోయేది.

రెండు వేల ఆరు వచ్చేసరికి ఆ తన్నులు తినే వేషాలకు కూడా కుర్రవాళ్ళు వచ్చేశారు. అప్పుడే జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు నర్సింహులు ఆయన్ని అమీర్‌పేటకు తీసుకుపోయాడు. ఒక సందులో, మూడో అంతస్తులో, మెట్ల నిండా కంప్యూటర్ కోర్సుల కాగితాలు అంటించిన చోట, ఫణీంద్ర అనే కుర్రవాడి ఆఫీసు ఉంది.

ఫణీంద్ర చేసే పని అర్థం కావడానికి బాబూ మియాకు రెండు కప్పుల టీ పట్టింది. జావా, టెస్టింగ్ నేర్చుకున్న పిల్లలు వేలమంది ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో ఉన్నారు. కంపెనీలేమో మూడేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళనే తీసుకుంటామంటున్నాయి. అందుకని ఫణీంద్ర లేని కంపెనీల పేర్లతో అనుభవం ఉన్నట్టు కాగితం రాసిస్తాడు. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు ఆ కాగితం నిజమో కాదో చూడమని ఇంకో కంపెనీకి అప్పజెబుతారు. ఆ కంపెనీవాళ్ళు పాత మేనేజరుకు ఫోన్ చేసి అడుగుతారు.

"ఆ ఫోన్ మా కుర్రాళ్ళు ఎత్తితే పదో తరగతి పిల్లాడిలా వినిపిస్తున్నారు బాబాయ్. నేను మేనేజర్నంటే ఎవరు నమ్ముతారు?" అన్నాడు ఫణీంద్ర. "మీరైతే ఒక్కరే ఆరుగురు."

"తప్పు పని గదా ఫణి సార్?"

"సినిమాలో డాక్టరు వేషం వేసినప్పుడు సర్టిఫికెట్ చూపించారా ఏంటి?"

బాబూ మియా నవ్వాడు. మర్నాటి నుంచి పనిలోకి వచ్చాడు.

బల్ల మీద ఆరు ఫోన్లుండేవి. ఒక్కోదాని కింద ఒక కంపెనీ పేరు, ఒక మేనేజరు పేరు రాసిన చీటీ. కులకర్ణి ఫోన్ మోగితే లేచి నిలబడి మాట్లాడేవాడు. థామస్‌కు ఇంగ్లీషు ముక్కలు ఫణీంద్ర రాసిస్తే నాటకం మాటల్లా కంఠస్థం చేశాడు. అందరిలోకీ రమణమూర్తి అంటే ఆయనకు ప్రాణం. రాజమండ్రి మనిషి, నెమ్మదస్తుడు. భార్యకు మోకాళ్ళ నొప్పులు, అల్లుడితో చిన్న మాటపట్టింపు. ఇవన్నీ బాబూ మియా సొంతంగా కల్పించుకున్నవి. "తెలుగువాళ్ళమే కదమ్మా, తెలుగులోనే మాట్లాడుకుందాం" అని రమణమూర్తి అనగానే అవతలి అమ్మాయిలు మెత్తబడిపోయేవారు. ఏ సినిమాలోనూ ఆయనకు రెండు పేజీలకు మించి మాటలు ఇవ్వలేదు. రమణమూర్తి మాత్రం నెలల తరబడి మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇంట్లో ఉన్నది కూతురు ఉమైరా ఒక్కతే. తల్లి పోయి నాలుగేళ్ళు. డిగ్రీ అవగానే పంజాగుట్టలో ఏదో ఆఫీసులో చేరింది. ఏం పనంటే "కంప్యూటర్ పని అబ్బాజాన్" అని ఊరుకుంది. ఈయన డబ్బింగ్ చెబుతున్నానని ఊరుకున్నాడు. ఆరు నెలలు నిండితే ఆమె ఉద్యోగం ఖాయమని కాగితం ఇస్తారు. వచ్చే నెల ఒకటో తారీకుకు ఆరు నెలలు. ఎవరైనా కబురు పెడితేనే కూడు అన్నట్టు ఇరవై ఏళ్ళు బతికిన ఆ ఇంటికి, ఎవరూ కబురు పెట్టకుండానే నెల నెలా వచ్చే జీతం అంటే ఏమిటో ఆ కాగితంతో తెలుస్తుంది. బాబూ మియా దానికి పటం కట్టించాలని మేకు కూడా కొట్టి ఉంచాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం రమణమూర్తి ఫోన్ మోగింది.

"నమస్తే సార్, సంధ్యని మాట్లాడుతున్నాను. మీ దగ్గర పనిచేసిన ఒకరి వివరాల కోసం."

అది ఉమైరా గొంతు. ఆ 'మాట్లాడుతున్నాను' ఎక్కడిదో ఆయనకు తెలియలేదు. ఇంట్లో ఎన్నడూ అట్లా అనలేదు. ఆమెకూ ఆఫీసులో ఒక వేషం, ఒక పేరు ఇచ్చారన్నమాట. అయినా రమణమూర్తి గొంతు వణకలేదు. కుర్రవాడు బుద్ధిమంతుడన్నాడు, టైముకు వచ్చేవాడన్నాడు, వెళ్ళిపోతానంటే తమకే బాధ వేసిందన్నాడు. "థాంక్యూ సార్" అని అవతల పెట్టేసింది.

కన్నకూతురే పోల్చుకోలేదు. ఈ మాట తల్చుకుని ఆయన మెట్లు దిగేదాకా పొంగిపోయాడు. సందు దాటి రోడ్డు మీదికి వచ్చాక అదే మాట గుండెల్లో గుచ్చుకుంది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర, ఏమీ ఎరగనట్టు అడిగాడు. "ఆఫీసుల నువ్వు చేసే పనేంది బేటా?"

"ఫోన్లు చేస్త. మనుషులు చెప్పేది నిజమా, అబద్ధమా అని రాస్త."

"ఎట్ల తెలుస్తది?"

"తెలుస్తది" అంది పప్పు వడ్డిస్తూ. "పోయిన వారం ఒకామెను తీసేసిండ్రు. దొంగ కంపెనీని నిజమని రాసింది. మేం మాట్లాడేదంతా రికార్డ్ అయితది అబ్బాజాన్" అంది.

"మరి దొంగోన్ని పట్టుకుంటే?"

"పట్టుకున్నోళ్ళకు మంచి పేరు. కన్ఫర్మేషన్ సుత జల్దీ అయితది."

తర్వాత రెండు వారాల్లో సంధ్య మరో మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ రమణమూర్తి గెలిచాడు. గెలిచిన ప్రతిసారీ ఉమైరా సంతకం కింద ఒక అబద్ధం చేరుతున్నదని బాబూ మియాకు తెలుసు. పని మానేద్దామంటే ఆ ఫోన్ ఇంకెవడో ఎత్తుతాడు, అబద్ధం మాత్రం ఆమెకే చేరుతుంది. ఆ రమణమూర్తిని నేనేనని ఇంట్లో చెబుదామంటే నోరు రాలేదు. ఆలోచించి ఆలోచించి ఆయన నటుడికి తోచే దారే పట్టాడు. రమణమూర్తి దొరికిపోవాలి. అదీ ఉమైరా చేతుల్లోనే దొరకాలి. ఆమె వాణ్ణి పట్టిస్తుంది, పేరు తెచ్చుకుంటుంది, కాగితం ఇంటికొస్తుంది. వేషం చెడగొట్టడమెంత పని అనుకున్నాడు.

తర్వాతి ఫోన్‌లో సంధ్య రామకృష్ణ అనే కుర్రవాడి గురించి అడిగింది. ఫణీంద్ర రాసిచ్చిన కాగితంలో రెండు వేల మూడు జూన్‌లో చేరినట్టుంది.

"రెండు వేల ఒకటిలో చేరాడండీ" అన్నాడు.

"రెండు వేల మూడు జూన్ కదా సార్."

"ఏమో. మా ఆఫీసు బేగంపేటలో... కాదు, కూకట్‌పల్లిలో ఉందండీ."

"బేగంపేట అని ఉంది సార్ నా దగ్గర. అంతే కదా."

ఇదేమి పిల్ల, ఇంత చెప్పినా పట్టుకోదేమి అని ఆయనకు విసుగొచ్చింది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి చెత్తగా చేద్దామంటే చూసేవాళ్ళు గుర్తించడం లేదు. ఇక గోదావరిని, రాజమండ్రిని వదిలేసి ఉన్న మాట జనగామ గొంతుతోనే అనేశాడు. "చూడు బిడ్డా, గా పోరడెవ్వడో నాకు ఎరికెనే లేదు. మా తాన పనే జెయ్యలె. రాసుకో."

అవతల పక్క బల్లల దగ్గర అమ్మాయిలు మాట్లాడుకుంటున్న మాటలు సన్నగా వినిపించాయి.

"మీకు ఒంట్లో బాగాలేనట్టుంది రమణమూర్తి గారూ" అంది సంధ్య. "రామకృష్ణ గారు మీ దగ్గర టెస్టింగ్‌లో చేశారు. మీరు ఔనంటే చాలు." తర్వాత గొంతు బాగా తగ్గించింది. "ఔనను, అబ్బాజాన్."

మాట మరిచిపోయిన నటుడికి తెర చాటునుంచి అందించినట్టు అందించింది. అప్పుడు తెలిసింది ఆయనకు, మొదటి సోమవారం మొదటి మాటకే ఆమె పోల్చుకుందని. తనను పట్టించలేక, ప్రతిసారీ తెలిసే నిజమని రాసిందని.

"ఔను" అన్నాడు.

మూడో రోజు పొద్దున ఉమైరా తల దువ్వుకుంటూ, వాన వస్తుందేమో అన్నంత మామూలుగా చెప్పింది. "సార్ రికార్డింగ్ విన్నడు. ఇయ్యాల ఆఫీసు కార్డు వాపసు ఇచ్చి రావాలె."

ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెంట బయల్దేరాడు. వద్దంది. వినలేదు.

పంజాగుట్టలో నాలుగో అంతస్తు. ఆ ఆఫీసు పెద్ద చలపతిరావు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. పిల్లకు ఏమీ తెలియదని బుకాయించాలని దారంతా మాటలు కూర్చుకుని వచ్చాడు బాబూ మియా. చలపతిరావు కంప్యూటర్లో ఒక మీట నొక్కాడు. 'ఔనను, అబ్బాజాన్' అని ఉమైరా గొంతు గదిలో వినిపించింది. కూర్చుకున్న మాటలన్నీ పోయాయి.

అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. "తప్పు నాది సార్. పిల్ల నన్ను పట్టియ్యలేక రాసింది. తల్లి లేని పిల్ల. నన్ను పోలీసులకు ఇయ్యండి, కానీ దాని నౌకరి తియ్యకుండ్రి సార్. జర దయ చూడుండ్రి." చెబుతుండగానే ఏడుపు వచ్చేసింది. ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు.

చలపతిరావు ఆయన్నే కళ్ళార్పకుండా చూస్తున్నాడు. చూసి చూసి ముందుకు వంగాడు. "ఉండండుండండి. మీరు సినిమాల్లో వేస్తారు కదూ? జడ్జి వేషం. నిన్నగాక మొన్న టీవీలో చూశాం."

బాబూ మియా తల ఊపాడు.

"అదీ సంగతి. ఫోన్లో ఆ రాజమండ్రి పెద్దమనిషిని వినే అనుకున్నాను, ఇది మామూలు దొంగ గొంతు కాదని." చలపతిరావు తలుపు తీసి పక్క గదిలో ఇద్దర్ని పిలిచాడు. "రండోయ్, చూడండి. గ్లిజరిన్ లేదు, ఏమీ లేదు. ఆ యాస చూశారా, అచ్చం తెలంగాణ మనిషే అనుకుంటారు ఎవరైనా."

"నాది జనగామ సార్."

"అదే, అదే. ఇంకా వదలట్లేదు చూడండి" అని మెచ్చుకున్నాడు. వచ్చినవాళ్ళలో ఒకడు పూజారి మాట ఒకటి చెప్పమని అడిగాడు కూడా. చలపతిరావు వాణ్ణి వారించి, జాలిగానే అన్నాడు. "అమ్మాయి విషయంలో మాత్రం నేను చేయగలిగింది లేదండీ. క్లయింటుకు మెయిల్ వెళ్ళిపోయింది. పోలీసుల దాకా పోకుండా చూస్తాను, మీ మీద గౌరవంతో."

ఉమైరా మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. అనుభవం కాగితం ఏమైనా ఇస్తారా అని అడిగింది. ఇలాంటి కేసుల్లో ఇవ్వరన్నాడు.

ఇద్దరూ కిందికొచ్చారు. ఫ్లైఓవర్ కోసం తవ్విన మట్టి పక్కన బస్సులు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడి ఉన్నాయి. బాబూ మియా ఆమె మొహం చూడలేక రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

"ఎందుకు చెడగొట్టినవ్?" అంది ఉమైరా. "మంచిగ చేస్తుంటివి గదా. ఇంకో పది రోజులైతే నా కాగితం వచ్చేది."

"నీకు పేరొస్తదనుకున్న బేటా."

ఇంటి వైపు పోయే బస్సు వచ్చింది. ఉమైరా ఎక్కలేదు.

"ఐదున్నర నెలలు చేసిన. చేసినట్టు కాగితం లేదు. ఊకెనే ఎవ్వరు తీసుకోరు" అంది. "నీ ఫణి సార్ తాన నాకు సుత ఒకటి రాయించు. రెండేళ్ళు చేసిన అని."

"ఉమైరా."

"ఎవరో ఒకరు ఫోన్ ఎత్తాలె గదా అబ్బాజాన్. రమణమూర్తి పనికిరాడు, వీళ్ళ తాన ఆయన గొంతు ఉన్నది. కులకర్ణి, థామస్ సుత ఉన్నరు. అందరు నువ్వేనని నాకు తెల్సు." ఆమె అప్పుడు ఆయన వైపు తిరిగింది. "ఇంకేదన్న గొంతు ఉన్నదా నీ తాన? ఎవ్వరు వినంది?"

బాబూ మియా వెతుక్కున్నాడు. నూట నలభై సినిమాల్లో వెతుక్కున్నాడు. బస్సుల హారన్ల మధ్య, ఆ కాలిబాట మీదే, వీపు నిటారు చేసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "చెప్పండమ్మా. ఉమైరా బేగం. ఔను, మా దగ్గరే పనిచేసింది. చాలా మంచి అమ్మాయి."

ఉమైరా కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి విన్నది.

"ఇది వద్దు" అంది. "దీంట్ల నువ్వే ఉన్నవ్. ఇంకొకటి."