గొళ్లెం పెడితే ఐదు గీతలు

పొద్దున తొమ్మిదయ్యేసరికి చెరుకు కాంటా మీదికి మొదటి ఎడ్లబండి ఎక్కేది. ఇనుప పలక కిర్రుమని కిందికి దిగేది. ఎడ్లు ఒకసారి బెదిరి చెవులు ఆడించేవి. కిటికీ దగ్గర నిలబడి గుమాస్తా దేవిదాస్ బరువు చదివేవాడు, గోదావరి దాన్ని కంప్యూటర్‌లో కొట్టేది. చందూర్‌కు నాలుగు కిలోమీటర్ల లోపలున్న ఆ ఊళ్లో మూడేండ్లుగా చెరుకు కాలమంతా ఆమెకు ఇదే పని. పన్నెండింటి దాకా బండ్లు, ట్రాక్టర్లు. పన్నెండు దాటినంక ఫైలు పంపుడు.

ఫైలు పంపుడంటే అప్పట్లో మామూలు సంగతి కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తెగిన టెలిఫోను తీగ మళ్లీ అతుక్కోలేదు. అందుకని బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసువాళ్లు ఒక నల్ల సెల్లు, దానికి మూరెడు కేబులు ఇచ్చారు. కేబులు ఒక కొస కంప్యూటర్‌కు, ఇంకో కొస సెల్లుకు. సెల్లులో సిగ్నల్ ఉంటే చాలు, కోతకొచ్చిన తోటల జాబితా ఒక్కొక్క పేరుగా గాలిలోకెక్కి బోధన్‌లో దిగేది. దిగిన పేరు పక్కన తెర మీద పచ్చ టిక్కు పడేది. టిక్కు పడిన రైతుకు రెండు రోజుల్లో కోత పర్మిట్ వచ్చేది. పడనివాడు ఇంకో ఇరవై రోజులు ఆగాలి. మనిషి ఆగుతాడు గాని చెరుకు ఆగదు. పూతకొచ్చి, గడ లోపల తెల్లగా బెండువారి, బరువంతా పోతుంది.

సిగ్నల్ మాటకొస్తే, ఊళ్లో అది ఎక్కడా లేదు. గోదావరి దగ్గరే ఉంది.

మొదటి ఏడు దేవిదాస్ ఆ సెల్లు పట్టుకొని నీళ్ల ట్యాంకు ఎక్కాడు, లారీ టాపు ఎక్కాడు. ఒక్క గీత రాలేదు. విసుగొచ్చి, జర పట్టు చెల్లె అని గోదావరి చేతిలో పెట్టి బీడీ ముట్టించుకోను బయటికి పోయాడు. అదే సమయానికి రోడ్డు మీద నిజామాబాద్ బస్సు వచ్చింది. ఇంటర్లో ఆమెతో చదివిన ఇద్దరు పిల్లలు కిటికీలోంచి చెయ్యి ఊపారు. గోదావరి కూడా ఊపింది. బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూసి, తల దించితే సెల్లులో మూడు గీతలు నిలబడి ఉన్నాయి.

కొందరి చేత్తో నాటిన మొక్క ఊరికే బతుకుతుంది. కొందరు పెట్టిన తొక్కు రెండేండ్లైనా చెడదు. అట్లనే ముత్యం బిడ్డ గోదావరికి సిగ్నల్ వస్తుంది. ఊరు అంతవరకే అనుకొని పనిలో పడింది.

ఆ గీతలు ఎప్పుడు పెరుగుతాయో కూడా మెల్లగా అందరికీ తెలిసిపోయింది. గోదావరి మనసు ఎటన్నా పోవాలని కొట్టుకుంటే పెరిగేవి. పోనియ్యకపోతే ఇంకా పెరిగేవి. గీత తగ్గిందంటే దేవిదాస్ నిజామాబాద్ ముచ్చట తీసేవాడు. స్టేషన్ ముందర కొత్తగా పడిన లైట్ల గురించి, కాలేజీ గేటు కాడ సైకిళ్ల మీద నవ్వుకుంటూ పోయే ఆడపిల్లల గురించి చెప్పేవాడు. దాంతో మూడు గీతలు. తలుపు దగ్గరికేస్తే నాలుగు. బయటి నుంచి గొళ్లెం పెడితే ఐదు.

గొళ్లెం వేరేవాళ్ల చేతిలో ఎందుకని ముత్యమే పెట్టేవాడు. బిడ్డను లోపల ఉంచి, ఫైలు పోయేదాకా గడప మీద కూర్చునేవాడు. పక్కన ఆమె తల్లి గంగుబాయి చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేది. రేకుల కింద ఆ గది పెనంలా కాలేది. చెరుకు రసం వాసనకు కందిరీగలు వచ్చి కిటికీ ఊచల మధ్య తిరిగేవి. అవి వచ్చేవి, పోయేవి. కేబులు మూరెడే గనక గోదావరి కుర్చీలోంచి లేవలేకపోయేది.

ఫైలు అయిపోయినంక కూడా విడుదల లేదు. మస్కట్‌లో ఉన్న మొగుళ్లతో మాట్లాడేందుకు ఆడవాళ్లు వరుసగా వచ్చి ఆమె భుజానికి భుజం ఆనించి కూర్చునేవారు. వాళ్లు సిగ్గుపడుతూ గుసగుసలాడుతుంటే గోదావరి గోడ వైపు తిరిగి చెవులు మూసుకునేది. మూసుకున్నా వినపడేది. సముద్రం అవతలి నుంచి ఎవరో ఎవరినో ‘తిన్నవా’ అని అడిగే మాట తన చెయ్యి మీదుగానే పోయేది. ప్రపంచమంతా తనలోంచి నడిచిపోతోంది. తను మాత్రం కుర్చీలో ఉంది.

టవర్ వస్తే ఆమె అవసరం ఉండేది కాదు. రెండేండ్ల కింద దాని సర్వేకు ఇద్దరు మనుషులు జీపులో వచ్చారు కూడా. ఊరి మర్యాద పోవద్దని పెద్దమనుషులు వాళ్లకు చాయ్ గోదావరి చేత ఇప్పించారు. ఆమె కప్పు అందిస్తుంటే సిగ్నల్ కొలిచే వాళ్ల మీటరు నిండా చూపించింది. ఇక్కడ టవర్ అక్కర లేదని రాసుకొని, చాయ్ బాగుందని చెప్పి పోయారు. జరిగిన పొరపాటు ఊరికి నాలుగు రోజులకు అర్థమైంది. అర్థమైనా ఎవరూ పెద్దగా బాధపడలేదు. టవర్ లేకపోతే ఏమైంది, పిల్ల ఉన్నది గదా అన్నారు.

గోదావరికి టీచరు కావాలని ఉండేది. కళ్లు మూసుకుంటే సుద్దముక్క పొడి వాసన, తను వెనక్కి తిరిగి రాస్తుంటే వెనక చిన్నపిల్లల గుసగుస. నిజామాబాద్‌లో టీచర్ ట్రైనింగ్ సీటు మొదటి ఏడు వచ్చింది. ఈ ఒక్క చెరుకు కాలం ఆగు బిడ్డా అన్నారు పెద్దమనుషులు. రెండో ఏడూ వచ్చింది. అదే మాట. మూడో ఏడు కౌన్సెలింగ్ ఆలస్యమై, కాంటా మంచి జోరు మీదున్నప్పుడు ఉత్తరం వచ్చింది. శనివారం సాయంత్రం నాలుగులోపల చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

శుక్రవారం ఇంటి ముందర కూర్చొని ఆ ఉత్తరం బాపుకు చదివి వినిపించింది. గంగుబాయి బీడీ చుట్టుడు ఆపకుండానే, రేపటి జాబితాల మన పేరున్నది, ఎల్లుండి పొమ్మను అంది. ఎల్లుండి పోతే ఉండదని గోదావరి రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు. ముత్యం లేచి చేనుకు పోయి, ఒక గడ నరుక్కొని వచ్చి గడపకేసి చీల్చాడు. కొసన తెల్లగా బెండు మొదలైంది. మొదలు దగ్గర ఇంకా రసం ఉంది. ఆ ముక్క కోసి బిడ్డ చేతిలో పెట్టాడు. ఆమె నమిలింది. తియ్యగానే ఉంది. తియ్యగా ఉన్నందుకే ఆమెకు ఏడుపొచ్చింది.

తెల్లారి గోదావరి బ్యాగు సర్దుకొనే కాంటాకు పోయింది. బ్యాగు కుర్చీ కింద పెట్టింది. దేవిదాస్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. శనివారం గనక బోధన్ ఆఫీసు ఒంటిగంటకే మూస్తారు. నిజామాబాద్ బస్సు కూడా ఒంటిగంటకే. జాబితాలో నలభై ఒక్క పేర్లు. ముందు నాటినవాళ్లు ముందు, వెనక నాటినవాళ్లు వెనక. అందరికన్నా వెనక నాటింది ముత్యం.

పన్నెండుంబావుకు ఫైలు మొదలైంది. ముత్యం గొళ్లెం పెట్టి గడప మీద కూర్చున్నాడు. అప్పుడే దుమ్ము లేపుకుంటూ జీపు వచ్చి ఆగింది. రెండేండ్ల కిందటి మనుషులే. చుట్టుపక్కల ఊళ్లన్నీ మళ్లీ సర్వే చేస్తున్నారట. ఇద్దరిలో బట్టతలాయన మీటరు తీసి గది గోడ దగ్గర నిలబడి, మళ్లీ నిండుగనే ఉన్నదని రెండో ఆయనకు చెప్పాడు.

“ఈ ఊరికి దిష్టి తాకుతది సార్, ఇంత సిగ్నల్ నిజామాబాద్‌ల గూడ లేదు” అని ఆ రెండో ఆయన నవ్వుతూ కాగితం తీశాడు.

లోపల గోదావరికి ఆ మాట వినిపించింది. ఇంక ఈ జన్మకు టవర్ రాదు. సెల్లు ఆమె చేతిలో వేడెక్కిపోయింది. గీతలు ఐదూ నిండి, టిక్కులు టపటపా పడసాగాయి. ఇరవై. ముప్పై. దేవిదాస్ కూడా అంత వేగం ఎప్పుడూ చూడలేదు. ముప్పై ఆరు. ముప్పై ఏడు. మలుపు దగ్గర బస్సు హారన్ మోగింది.

గోదావరి హారన్ వైపు తల తిప్పలేదు. కళ్లు మూసుకుంది. కళ్ల కింద నుంచి నీళ్లు కారి చున్నీ మీద పడ్డాయి. ముప్పై తొమ్మిది. నలభై.

ముత్యం లేచి కిటికీ ఊచలు పట్టుకొని లోపలికి చూశాడు. అతనికి చదువు రాదు గాని, జాబితా అడుగున టిక్కు లేని వరుస ఎవరిదో తెలుసు.

“ఇగ ఒక్కటే కాకా, నీదే. రెండు నిమిషాలు ఆగు” అన్నాడు దేవిదాస్.

బస్సు కాంటా ముందర ఆగింది. ఎవరో మూటలు దింపుకుంటున్నారు. కండక్టరు బస్సు పక్కన చెయ్యి ఆనించి ఉన్నాడు, రెండు దెబ్బలు కొడితే పోతుంది. ముత్యం కిటికీ వదిలి తలుపు దగ్గరికి వచ్చాడు. మూడేండ్లలో ఫైలు నడుస్తుండగా ఎన్నడూ తియ్యని గొళ్లెం తీశాడు.

“నడువు బిడ్డా, బస్సొచ్చింది.”

గోదావరి కళ్లు తెరిచింది. “బాపు, నీ పేరు ఇంక పోలేదే.”

“నా పేరు యాడికి పోతది. నువ్వు పో.”

ఆ మాట ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమవుతుండగా సెల్లులో గీతలు ఒక్కొక్కటే కూర్చున్నాయి. ఐదు, నాలుగు, మూడు, రెండు. చివరి గీత కొంచెంసేపు వెలిగి అది కూడా ఆరిపోయింది. తెర మీద నలభై ఒకటో వరుస టిక్కు లేకుండా ఆగిపోయింది. బయట బట్టతలాయన మీటరును అరచేత్తో రెండుసార్లు తట్టాడు. గది చుట్టూ తిరిగాడు, రోడ్డు దాకా పోయి వచ్చాడు. సున్నా. రెండో ఆయన రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు.

గోదావరి సెల్లును కుర్చీలో పెట్టి, బ్యాగు తీసుకొని, బాపు ముందు నుంచి పరుగెత్తింది. గడప దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగింది గాని వెనక్కి తిరగలేదు. తిరిగితే పోలేనని ఆమెకు తెలుసు. బస్సు కిటికీలోంచి చూసేసరికి ముత్యం గొళ్లెం ఇంకా చేత్తో పట్టుకొనే నిలబడి ఉన్నాడు. ఆమె చెయ్యి ఊపింది. అతను ఊపాలా వద్దా అన్నట్టు కొంచెం లేపి, తలగుడ్డ సర్దుకున్నాడు.

ముత్యం చెరుకు ఆ ఏడు బెండువారింది. మంచిగున్నంత బెల్లానికి, మిగిలింది పశువులకు పోయింది. గంగుబాయి నెల రోజులు మొగుడికి అన్నం పెట్టింది గాని మాట పెట్టలేదు. వానాకాలం పోయేసరికి కాంటా వెనక ఎర్ర తెల్ల రంగుల టవర్ లేచింది. దేవిదాస్ సెల్లును కిటికీలో పడేసి ఫైలు పంపుతూ, పక్కన ముచ్చట పెట్టేందుకు ఎవరూ లేరని వచ్చేపోయేవాళ్లతో అనేవాడు. కాంటా గది తలుపుకు గొళ్లెం ఊడిపోతే ఎవరూ మళ్లీ కొట్టించలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ముత్యం పాత సెల్లు మోగింది. గోదావరి నిజామాబాద్‌లో హాస్టల్ ఎదురుగా రూపాయి బిళ్ల ఫోను నుంచి మాట్లాడుతోంది. బడిలో మొదటిసారి పాఠం చెప్పిందట. పిల్లలు గోదావరి టీచరమ్మా అని ఒకటే పిలుపట. తోటి పిల్లలు తమ సెల్లులిస్తే అవి తన చేతికి రాగానే మూగబోతున్నాయని, అందుకే బిళ్లలు పట్టుకొని రోడ్డు మీదికి వచ్చానని నవ్వింది. నాలుగు టవర్ల నడుమ ఉండి కూడా.

ముత్యం నవ్వలేదు. సెల్లును రెండో చెవికి మార్చుకున్నాడు.

“అంటే నీ చేతిల సిగ్నల్ అస్సలే వస్తలేదా బిడ్డా?”

“ఒక్క గీత గూడ లేదు బాపు.”

ఇంటి ముందర ఎండలో బీడీ ఆకు ఆరబోస్తున్న గంగుబాయి తలెత్తి, ఏమైందన్నట్టు చూసింది.

“గట్లనే ఉండనియ్ బిడ్డా” అన్నాడు ముత్యం.