చేతులు విచ్చుకునే దాకా

నీళ్లు మరుగు పట్టకూడదు, అలాగని గోరువెచ్చగా ఉన్నా లాభం లేదు. చెయ్యి ముంచితే చురుక్కుమనాలి, కానీ వెనక్కి తీసుకోవాలనిపించకూడదు. ఆ వేడి ఎంతో ఆమెకు బాగా తెలుసు. నీళ్ల గిన్నె రాత్రే పొయ్యి మీద పెట్టి పడుకుంటుంది, ఎందుకంటే పొద్దున్న లేచాక గిన్నె ఎత్తే చేతులు ఉండవు. ఇంట్లో అందరూ నిద్రలో ఉండగా గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీటను రెండు అరచేతుల మధ్య ఇరికించి తిప్పి, నీళ్లు వేడెక్కాక మంట ఆర్పి, రెండు చేతులూ అందులో ముంచి నిలబడుతుంది. మొదట బొటనవేళ్లు కదులుతాయి, తర్వాత మిగతావి, ఉంగరం వేలు మాత్రం అన్నిటికన్నా ఆఖరున. పిడికిలి బిగించడం కుదిరితే ఆమెకు తెల్లవారినట్టు. అప్పుడు నీళ్లు పారబోసి, గిన్నె తుడిచి బోర్లించి, టీ పెడుతుంది.

"మా కోడలికి బద్ధకం అంటే ఏంటో తెలీదే. మేం కళ్లు తెరిచేసరికి తల దువ్వుకుని, టీ కాచి, ఇల్లు సర్దేసి ఉంటుంది" అని అత్తగారు ఫోన్లో తన చెల్లెళ్లకు చెప్పుకుని మురిసిపోతుంది. మామగారు ఆమెకు 'అలారం' అని పేరు పెట్టారు. భర్త కూడా ముద్దొస్తే అలాగే పిలుస్తాడు. ముప్పై దాటని మనిషికి అంత పొద్దున్నే లేవాల్సిన అవసరం ఏమొచ్చిందని మాత్రం ఆ ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. కోడళ్లు లేస్తారు, అంతే.

జబ్బు సంగతి దాచి పెళ్లి చేసుకోలేదు. కీళ్లవాతం ఉంది, ఎప్పటికీ మందులు వాడాలి అని ముందే చెప్పింది. "మందులున్న దానికి అంత మొహం ముడుచుకోవడం ఎందుకు?" అని అతను నవ్వాడు. ఆ నవ్వుకే ఆమె పడిపోయింది. కాపురానికొచ్చిన కొత్తలో ఓ పొద్దున సీసా మూత తియ్యలేక తంటాలు పడుతుంటే అత్తగారు చూసింది. తిట్టలేదు, విసుక్కోలేదు. "నాకు రావాల్సిన నొప్పులు నీకొచ్చాయే, పాపం" అని సీసా అందుకుని, ఒక్క తిప్పుకు తీసి ఇచ్చింది. ఆ 'పాపం' ఆమె గొంతులో ముల్లులా దిగబడింది. మర్నాటి నుంచి అందరికన్నా ముందు లేవడం మొదలుపెట్టింది. అలా ఆ ఇంట్లో ఆమె ఉదయపు చేతుల్ని చూసినవాళ్లు లేకుండా పోయారు. చూడని దాన్ని ఎవరు మాత్రం నమ్ముతారు?

ఆమె పనిచేసేది కళ్లజోళ్ల దుకాణంలో. వెనక గదిలో, దీపం కింద కూర్చుని, విరిగిన ఫ్రేములకు కొత్త కాళ్లు తొడుగుతుంది, ముక్కు మీద ఆనే మెత్తటి బిళ్లలు మారుస్తుంది, ఆవగింజంత మరలు బిగిస్తుంది. ఆ పనంటే ఆమెకు ఇష్టం. వంకర పోయిన జోడును సరిచేసి ఇచ్చాక ఎవరో ముసలాయన అది పెట్టుకుని దుకాణమంతా కొత్తగా చూస్తుంటే లోపల హాయిగా ఉంటుంది. ఇంట్లో చేసే ఏ పనికీ అలాంటి చూపు దొరకదు.

కిందటి నెల పిల్లల మాట వచ్చింది. రాక ఏమవుతుంది, పెళ్లయి మూడేళ్లు. "ఆ మాత్రలు వేసుకుంటుండగా పిల్లలు వద్దన్నారట కదా, మానెయ్ మరి" అంది అత్తగారు, ఏదో చిరుతిండి మానెయ్యమన్నంత తేలిగ్గా. భర్త సెలవు పెట్టి మరీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ ఆమె వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, "పొద్దున లేవగానే చేతులు బిగుసుకుపోతున్నాయా? ఎంతసేపు ఉంటోంది?" అని అడిగింది.

"అబ్బే, అలాంటిదేం లేదు డాక్టర్. మా ఇంట్లో అందరికన్నా ముందు లేచేది తనే. మేం లేచేసరికి టీ కూడా రెడీ" అన్నాడు భర్త. అతని గొంతులో అబద్ధం లేదు. గర్వం ఉంది.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, "అంతేనా అమ్మా?" అంది. ఆమె తలూపింది. ఎందుకు ఊపిందో అప్పుడే కాదు, తర్వాత బస్సులో కూర్చుని ఆలోచించినా తెలియలేదు. తను ఇన్నాళ్లూ రోజూ కాస్త కాస్త కుట్టిన అబద్ధాన్ని అతను అంత ముచ్చటగా తొడుక్కుని కూర్చుంటే, నలుగురిలో విప్పమనడానికి నోరు రాలేదు. కోపం రావాలి కదా అనుకుంది. రాలేదు. ఏడుపూ రాలేదు. చేతుల్లాగే లోపల కూడా ఎక్కడో బిగుసుకుపోయింది.

"అయితే వారం వారం వేసుకునే మాత్ర ఆపేద్దాం. కొన్ని నెలలు ఆగి ప్రయత్నించొచ్చు. నొప్పి తిరగబెడితే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యండి, బిడ్డకు హాని చెయ్యని మందులు వేరే ఉన్నాయి" అని డాక్టరమ్మ చెప్పింది. ఆ చివరి మాట చెవిన పడకముందే భర్త కుర్చీలోంచి లేచేశాడు.

మాత్ర ఆగాక నీళ్లు రెండుసార్లు వేడిచెయ్యాల్సి వచ్చింది, తర్వాత మూడుసార్లు. ఆమె ఇంకా ముందు లేచింది. "చూశావా, మానేసినా హాయిగానే ఉన్నావు" అన్నాడు భర్త టీ తాగుతూ. ఆమె ఊఁ అంది. దుకాణంలో మరలు వేళ్ల సందుల్లోంచి జారి కింద పడుతుంటే యజమాని చూసీ చూడనట్టు ఊరుకుని, చివరికి, "నువ్వు కొన్నాళ్లు ముందువైపు కౌంటర్లో నిలబడమ్మా. వచ్చినవాళ్లను చూసి నవ్వితే చాలు" అన్నాడు. నవ్వింది. నవ్వడానికి వేళ్లక్కర్లేదు.

ఆ సాయంత్రం ఆడపడుచు పసిబిడ్డను తీసుకుని వచ్చింది. అత్తగారు బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, "పట్టుకో, అలవాటవుతుంది" అంది. బిడ్డ వెచ్చగా, మెత్తగా, పాల వాసన వేస్తోంది. ఆమె వేళ్లతో కాదు, మోచేతులతో పొదివి పట్టుకుంది. బిడ్డ ఆమె మొహంలోకి చూసి నవ్వింది. ఇష్టమనిపించింది, నిజంగానే ఇష్టమనిపించింది. అంతలోనే ఆలోచన వచ్చింది: ఇది పొద్దున్నే గుక్కపట్టి ఏడిస్తే? పక్కమీంచి జారిపోతుంటే? నీళ్లు కాగేదాకా ఆగమ్మా అని పసిబిడ్డకు చెప్పగలదా? ఇన్ని వారాల్లో మొదటిసారి ఆమెకు భయం వేసింది. బిడ్డను తిరిగి తల్లికిచ్చేసి, ఆ రాత్రి గిన్నెలో నీళ్లు పొయ్యకుండానే పడుకుంది.

మర్నాడు మెలకువ ఎప్పట్లాగే వచ్చింది. లేవలేదు. కిటికీలో వెలుగు వచ్చింది, వీధిలో స్కూటర్లు మొదలయ్యాయి, అత్తగారి చెప్పులు వంటింటి దాకా వెళ్లి ఆగిపోయాయి. "అమ్మాయ్, ఒంట్లో బాలేదా?" అని కేక వినిపించింది. భర్త కళ్లు నులుముకుంటూ, "ఏంటి, అలారం మోగలేదు?" అన్నాడు.

ఆమె చేతులు దుప్పట్లోంచి తీసి అతని ముందు పెట్టింది. కణుపులు ఉబ్బి, వేళ్లు లోపలికి వంగి ఉన్నాయి.

"ఏమైంది? నిద్రలో ఎక్కడైనా కొట్టుకున్నావా?"

"లేదు. రోజూ ఇలాగే ఉంటాయి."

"రోజూనా? నేనెప్పుడూ చూడలేదే."

"మీరు లేచేసరికి నేనే బాగు చేసుకునేదాన్ని."

అతను ఆ వేళ్లను ముట్టుకోబోయి ఆగిపోయాడు. "వేణ్ణీళ్లు తెస్తాను, ఉండు" అని లేచాడు.

"వద్దు. వేణ్ణీళ్లలో పెడితే మళ్లీ బాగానే కనబడతాయి. ఆస్పత్రి తెరిచి డాక్టరమ్మకు ఫోన్ చేసేదాకా మీరు చూస్తుండగా ఇలాగే ఉండనీ."

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు, "ముందే చెప్పొచ్చు కదమ్మా, మేమేమన్నా పరాయివాళ్లమా?" అంది. నిజంగానే నొచ్చుకుంది పాపం. కాసేపటికి, "మరి టీ..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆ ఇంట్లో టీపొడి డబ్బా ఏ అరలో ఉంటుందో మామగారికి ఆ రోజే తెలిసింది.

ఆస్పత్రి తెరిచే వేళకు ఆమె చేతులు సగం కూడా విచ్చుకోలేదు. భర్త నంబరు నొక్కాడు. "నేను మాట్లాడనా?" అన్నాడు.

"వద్దు. మీరు చెవి దగ్గర పట్టుకోండి చాలు."

డాక్టరమ్మ లైన్లోకి వచ్చింది. ఆమె నేరుగా విషయానికొచ్చింది. "డాక్టర్, ఆ రోజు మీరడిగిన దానికి మా ఆయన తప్పు చెప్పారు. ఆయనకు తెలీదు, నేను తెలియనివ్వలేదు. నా చేతులు పొద్దున బిగుసుకుపోతాయి. ఇప్పటికీ తెరుచుకోలేదు. నాకు మందు కావాలి, ఇవాళే. పిల్లల సంగతి నేనింకా అనుకోలేదు. అనుకున్నాక నేనే వచ్చి చెబుతాను."

ఫోను ఎత్తి పట్టుకున్న భర్త చెయ్యి లాగినట్టుంది. ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకోబోయాడు.

"కదపకండి" అంది ఆమె. "నేనింకా మాట్లాడుతున్నాను."