కొలిమి ఉన్న బడి

"ఇంటికి దగ్గరున్న బడే మేలు. వంట చేసుకుని వెళ్ళొచ్చు, చీకటి పడేలోపు వచ్చేయొచ్చు," అన్నాడు భర్త. అప్పుడామె అతని చొక్కాకి నిప్పురవ్వలు పడి కాలిన చిల్లులు కుడుతోంది. అతనికి ఇనుప గేట్లు చేసే షెడ్డు ఉంది. ఆ గేట్ల మీది లతలు, పిట్టలు, అలలు అన్నీ ఆమె గీసిచ్చినవే. ఎవరైనా మెచ్చుకుంటే అతను "మా డిజైను" అంటాడు. ఆ "మా"లో తనుందో లేదో ఆమె ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

అడగాలంటే భయం. అతను చెయ్యి చేసుకునే మనిషి కాదు. ఆ సంగతి అత్తగారు వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెబుతుంది. కోపమొస్తే మాట్లాడడు, అంతే. రోజుల తరబడి మాట్లాడడు. కంచం కాస్త గట్టిగా పెడతాడు, తలుపు కాస్త గట్టిగా వేస్తాడు. తనేం తప్పు చేసిందో వెతుక్కుంటూ ఆమె అడుగుల చప్పుడు వినపడకుండా ఇల్లంతా తిరుగుతుంది. అతను బండి ఆపిన తీరుని బట్టే ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో చెప్పగలదు.

లోహశిల్పం నేర్చుకుంటానని నోరు తెరవడానికే ఆమెకి ఏళ్ళు పట్టింది. విచిత్రంగా అతను సరేనన్నాడు. రెండు చోట్ల సీటు వచ్చింది. దగ్గరి బడిలో రాగిరేకు మీద బొమ్మలు కొట్టడం, తీగలు వంచడం నేర్పుతారు. "మన గేట్లకి పనికొస్తుంది," అన్నాడతను. రెండోది వేరే ఊళ్ళో ఉంది. అక్కడ కంచు కరిగించి పోతపోస్తారు. అక్కడే ఉండి చదవాలి. "నిప్పు దగ్గర నీకేం పని? పాలు పొంగితేనే కంగారుపడతావు," అని నవ్వాడు. అత్తగారూ నవ్వింది. నవ్వకపోతే ఏమవుతుందోనని ఆమె కూడా నవ్వింది.

మర్నాడు, స్నేహితురాలికి ఒంట్లో బాగోలేదని అబద్ధం చెప్పి ఆ ఊరి బస్సెక్కింది. నిజానికి భర్త మాటే నిజమని తేల్చుకుని, ఆశని అక్కడే వదిలేసి వద్దామనే వెళ్ళింది.

బడి వెనక రేకుల షెడ్డు, అందులో కొలిమి హోరు. పోతపని నేర్పే టీచరు తల నెరిసిన మనిషి, ముంజేతి మీద పాత కాలిన మచ్చ. ముఖానికి అడ్డుపెట్టుకునే ముసుగు ఇచ్చి, నేల మీది పసుపు గీత వెనక నిలబడమంది. ఇద్దరమ్మాయిలు కరిగిన కంచు ఉన్న కుండని పొడవాటి ఇనుప కాడలతో ఎత్తి అచ్చులోకి వంచారు. వేడి మీదకి కొట్టింది. ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"భయమేస్తోందా?" అంది టీచరు.

"చాలా అండీ."

"నాకూ వేస్తుంది. అందుకే గీత. ఇవతలుంటే కాలదు, అవతలికెళ్తే కాలుతుంది. నిప్పు మాట మార్చదమ్మా."

ఆమె ఆ గీత కేసే చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో అలాంటి గీత కోసం పెళ్ళయినప్పట్నుంచీ వెతుకుతోంది. ఇవాళ ఇక్కడుంటుంది, రేపు ఇంకోచోట. ఎక్కడ నిలబడినా కాలుతూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి అతను వరండాలో కూర్చుని ఉన్నాడు.

"ఎలా ఉంది నీ ఫ్రెండుకి?"

ఆమె మెట్ల దగ్గరే ఆగింది. "తను బానే ఉందండీ. నేను కొలిమి ఉన్న బడికి వెళ్ళొచ్చాను. అక్కడే చేరుతున్నాను."

అతను లేచి లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ చప్పుడుకి ఆమె గుండె ఎప్పటిలాగే జారిపోయింది. ఇంకెప్పుడైనా అయితే ఈపాటికి ఆ తలుపు దగ్గరే ఉండేది, "ఏమండీ" అంటూ.

అత్తగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "వాడి సంగతి తెలిసిందేగా. నువ్వే కాస్త సర్దుకుపోవాలమ్మా."

"అలాగే అత్తయ్యా," అంది ఆమె. పక్క గదిలోకెళ్ళి, బీరువా మీది సూట్‌కేసు దించి, బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.